మూత్రపిండంలో కంతి: మూగజీవుల సాక్ష్యం

నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో బనకచర్ల అనే చోటు ఉన్నది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరిన కృష్ణాజలం అక్కడికి చేరి, రెగ్యులేటరు తలుపుల వద్ద పాయలుగా చీలుతుంది. ఒక పాయ తెలుగుగంగ కాలువగా వెలుగోడు జలాశయం వైపు సాగుతుంది. ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువలోకి మళ్లుతుంది. ఇంకొకటి వాగులోకి దిగి కర్నూలు-కడప కాలువకు ఊతమవుతుంది. ఏ తలుపు ఎంత ఎత్తవలెనో, ఏది ఎంత దించవలెనో ఆ లెక్క తప్పినదా, ఒక ఊరి చేను ఎండుతుంది, ఇంకొక ఊరి చేను మునుగుతుంది.

మన దేహంలోనూ ఇటువంటి రెగ్యులేటర్లు రెండు కలవు. అవే మూత్రపిండాలు. నడుముకు కొంచెం పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, కడుపులోని తక్కిన అవయవాల వెనుక దాగి ఉంటవి. ఒక్కొక్కటి పిడికిలి అంత. బరువు సుమారు 150 గ్రాములు. గుండె ప్రతి నిమిషమూ తోసే రక్తంలో ఇంచుమించు ఐదవ వంతు ఈ రెంటి గుండానే ప్రవహిస్తుంది. ఒక్కొక్క దానిలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు, ఉన్నవి. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వాటిలోకి వడగట్టబడుతుంది. అందులో దేహానికి కావలసిన నీరు, ఉప్పు, చక్కెర తిరిగి రక్తంలోకే పోతవి. తుదకు మూత్రంగా వెలువడేది లీటరున్నర మాత్రమే. ఇంత పని చేసే ఈ అవయవం తన బాధను చెప్పుకోవడంలో మాత్రం మహా మితభాషి. దానిలో ఒక కంతి పుట్టి నిమ్మకాయంత పెరిగినా మనకు తెలియకపోవచ్చును.

ఈ సందర్భంలో మన పల్లెలలో కనబడే ఒక విచిత్రం చెప్పుకొనవలె. ఎద్దు ఎర్రమూత్రం పోసినదంటే రైతు ఆనాడు దానిని అరకకు కట్టడు. వెంటనే పశువుల ఆసుపత్రికి తోలుకొని పోతాడు. పిడుదుల వలన వచ్చే జ్వరమేమోనని డాక్టరు రక్తం తీసి పరీక్షిస్తాడు. అదే రైతుకు తన మూత్రంలోనే ఎర్రజీర కనిపించినదనుకొనండి. "వేడి చేసినది" అంటాడు. బార్లీ నీళ్లో, సబ్జాగింజల నీళ్లో, పల్లేరుకాయల కషాయమో తాగుతాడు. రెండు రోజులలో ఎరుపు పోతుంది. కషాయం పనిచేసినదని తృప్తిపడి, నొప్పి లేదు గదా అని ఆ సంగతే మరచిపోతాడు. మూత్రపిండపు కంతికి కావలసినది సరిగా ఈ మరుపే. ఎందుకనగా ఈ కంతి వలన పడే రక్తం తరచుగా నొప్పి లేకుండానే పడుతుంది. పడి తనంతట తానే ఆగుతుంది. మళ్లీ నెలల తరువాత గాని కనబడకపోవచ్చును.

మూత్రపిండపు క్యాన్సరు ఒక్కటే రకం కాదు. పెద్దవారిలో, ముఖ్యంగా ఏబది, అరువది ఏండ్ల వయస్సులో వచ్చే కంతి సాధారణంగా నెఫ్రాను నాళికల నుండి పుడుతుంది. మూత్రం చేరే లోపలి గిన్నెవంటి భాగపు పొరనుండి పుట్టేది మరొక రకం. అయిదేండ్ల లోపు పసివారిలో కనబడే రకం వేరు. దానికి విల్మ్స్ కంతి అని పేరు. ఈ మూడింటిని గూర్చి మనకు నేడు తెలిసిన దానిలో చాలా భాగం మనుష్యులను చూచి మాత్రమే తెలిసినది కాదు. కప్పలు, ఎలుకలు, కుక్కలు, గుర్రాలు ఇచ్చిన సాక్ష్యం అందులో ఎంతో ఉన్నది. ఆ సాక్ష్యం విన్నచోట ప్రాణాలు నిలిచినవి, విననిచోట పోయినవి.

మొదట శస్త్రచికిత్స సంగతి చూతము. మూత్రపిండంలో కంతి ఉన్నప్పుడు దానిని, అవసరమైతే మూత్రపిండాన్నే, తీసివేయడం నేటికీ ప్రధానమైన చికిత్స. కాని ఒక మూత్రపిండం తీసివేస్తే మనిషి బ్రతుకుతాడని మొదట ఎవరికి తెలుసు? జర్మనీలోని హైడెల్‌బెర్గు నగరంలో గుస్తావ్ సైమన్ అనే శస్త్రవైద్యుడు కుక్కలకు ఒక్కొక్క మూత్రపిండం తీసి చూచినాడు. మిగిలిన ఒక్కదానితోనే అవి ఆరోగ్యంగా బ్రతికినవి. ఆ ధైర్యంతో 1869 ఆగస్టులో ఆయన ఒక స్త్రీకి ఆ శస్త్రచికిత్స చేసినాడు. ఆమె జబ్బు కంతి కాదు. మూత్రనాళానికి కలిగిన గాయం వలన మూత్రం దారి తప్పి స్రవించడం. ఆమె కోలుకొన్నది. ఆ తరువాతనే కంతులున్న మూత్రపిండాలపై కత్తి పెట్టే సాహసం వైద్యలోకానికి కలిగినది.

కంతి ఎక్కడ పుడుతున్నదనే ప్రశ్న అంత సులభంగా తేలలేదు. 1883లో పాల్ గ్రావిట్స్ అనే జర్మను పండితుడు ఈ కంతిలోని కణాలు కొవ్వుతో నిండి పసుపుపచ్చగా ఉండటం గమనించినాడు. మూత్రపిండం నెత్తిన టోపీ వలె కూర్చుండే అధివృక్క గ్రంథి కణాలు కూడ అట్లే ఉంటవి. కావున ఆ గ్రంథి నుండి తప్పిపోయి మూత్రపిండంలో చిక్కుకొన్న తునకలే కంతులుగా పెరుగుతున్నవని ఆయన భావించినాడు. ఈ భావన దశాబ్దాల తరబడి పుస్తకాలలో నిలిచినది. 1960లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, ఈ కణాలు మూత్రపిండపు నాళికల సంతతియే అని తేలినది. దొంగ పొరుగింటివాడు కాడు, ఇంటివాడే అన్నమాట.

మరి ఇంటివాడు దొంగగా మారడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు మొదట జవాబు వెతికినవారిలో కొందరు కప్పల దగ్గరకు పోయినారు. ఉత్తర అమెరికా చెరువులలో ఒంటినిండ చిరుతపులి వలె మచ్చలుండే కప్ప ఒకటి ఉన్నది. ఆ కప్పల మూత్రపిండాలలో తరచుగా కనబడే క్యాన్సరును గూర్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన బాల్డ్విన్ లుకే అనే శాస్త్రజ్ఞుడు 1934లో విపులంగా వ్రాసినాడు. దానికి వైరస్ కారణమని 1938లో ప్రతిపాదించినాడు. క్యాన్సరుకు వైరస్ కారణమనడం ఆనాడు పలువురికి రుచించని మాట. 1956లో డాన్ ఫాసెట్ అనే శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ కంతులలో హెర్పిస్ జాతికి చెందిన వైరస్ వంటి కణికలను చూచినాడు.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. చలికాలంలో మంచుకింద నిద్రించే కప్పల కంతులలో వైరస్ ఆనవాళ్లు సమృద్ధిగా కనబడతవి. వేసవిలో పట్టిన కప్పల కంతులలో అవి కనబడవు. కంతి మాత్రం ఉభయకాలాలలోనూ ఉంటుంది. అనగా, నేరం జరిగినచోట నేరస్థుడు కనబడనంత మాత్రాన అతడు నిర్దోషి కాడు. వెదకవలసిన కాలంలో వెదకవలెను. మనుష్యుల మూత్రపిండపు క్యాన్సరుకు ఇటువంటి వైరస్ కారణమని తేలలేదు. కాని కొన్ని క్యాన్సర్ల వెనుక వైరస్‌లు ఉండగలవనే ఆలోచనకు బలం చేకూర్చిన తొలి సాక్షులలో ఈ కప్ప ఒకటి.

ఆ కప్పయే ఇంకొక అద్భుతం చూపినది. 1969లో రాబర్ట్ మెకిన్నెల్, ఆయన సహచరులు ఈ కంతి కణం నుండి కేంద్రకాన్ని తీసి, కేంద్రకం తొలగించిన కప్పగుడ్డులో ప్రవేశపెట్టినారు. ఆ గుడ్డు కంతిగా పెరగలేదు. దాని నుండి నీటిలో ఈదులాడే తోకకప్ప పుట్టినది. అది పెద్ద కప్పగా ఎదగలేదు, నిజమే. అయినను క్యాన్సరు కణంలో కూడ కన్ను, తోక, గుండె నిర్మించగల ఆజ్ఞలన్నీ ఇంకా మిగిలియే ఉన్నవని అది రుజువు చేసినది. చెడినది గ్రంథమంతా కాదు, దానిని చదివే తీరు అని శాస్త్రజ్ఞులకు తోచినది.

అయితే గ్రంథంలోనే అక్షరం చెడిన సందర్భాలు లేవా? ఉన్నవి. ఆ సంగతి ఎలుక చెప్పినది. 1954లో నార్వేలో రైడార్ ఎకర్ అనే పరిశోధకుడు ఒక ఎలుకల వంశంలో మూత్రపిండపు కంతులు తరతరాలుగా వస్తున్నవని ప్రకటించినాడు. తల్లికో తండ్రికో ఆ లోపముంటే పిల్లలలో ఇంచుమించు సగానికి అది సంక్రమిస్తుంది. సంక్రమించిన వాటిలో దాదాపు అన్నింటికీ సంవత్సరం తిరిగే లోపల కంతులు కలుగుతవి.

ఇది అర్థం కావడానికి అమెరికాలో ఆల్ఫ్రెడ్ నుడ్‌సన్ అనే వైద్యుడు 1971లో చేసిన సూచన తోడ్పడినది. పసిపిల్లల కంటి క్యాన్సరును గూర్చి ఆయన లెక్కలు వేసి చెప్పిన మాట ఇది: కణం హద్దు మీరకుండా కాపాడే తలుపుకు గడియలు రెండు. తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి. మామూలు మనిషికి ఒకే కణంలో ఆ రెండూ విరగడం అరుదు. పుట్టుకతోనే ఒకటి విరిగి ఉన్నవానికి రెండవది విరిగితే చాలును. మరుసటి సంవత్సరం ఆయన, లూయీ స్ట్రాంగ్ అనే వైద్యురాలు కలసి పసిపిల్లల మూత్రపిండపు కంతికి కూడ ఈ న్యాయాన్నే అన్వయించినారు. ఎకర్ వంశపు ఎలుకలలో విరిగిన గడియ ఏదో 1990ల మధ్యలో దొరికినది. మనుష్యులలో మెదడు, చర్మం, మూత్రపిండాలలో కంతులు కలిగించే ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే వంశపారంపర్య వ్యాధికి కారణమైన రెండు జన్యువులలో ఒకటి అదియే.

ఈ జ్ఞానం గ్రంథాలయంలో ఉండిపోలేదు. ఆ జన్యువు కణాల పెరుగుదలకు పగ్గం వంటిది. పగ్గం తెగినప్పుడు ఏ యంత్రం అదుపు తప్పి పరుగెత్తుతుందో తెలిసినది. ఆ యంత్రాన్ని నిలుపగల మందు ఒకటి అప్పటికే వేరొక ప్రయోజనానికి వాడుకలో ఉన్నది. దాని మూలపదార్థం పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించినది. ఆ కుటుంబానికి చెందిన ఎవరోలిమస్ అనే మందును ట్యూబరస్ స్క్లిరోసిస్ రోగుల మూత్రపిండపు కంతులకు వాడుటకు 2012లో అమెరికాలో అనుమతి లభించినది. ఎక్కడి నార్వే ఎలుక, ఎక్కడి ఈస్టర్ దీవి మట్టి, ఎక్కడి రోగి!

నార్వే నుండే కుక్క కథ కూడ వచ్చినది. జర్మన్ షెపర్డ్ జాతి కుక్కలలో కొన్నింటికి చర్మం క్రింద గట్టి గోళీల వంటివి లేస్తవి. అట్టి కుక్కలకు రెండు మూత్రపిండాలలోను కంతులు ఉంటున్నవని 1985లో అక్కడి పశువైద్యులు వెల్లడించినారు. అంతకు ముందే, 1977లో, కెనడాలో బర్ట్, హాగ్, డుబే అనే ముగ్గురు వైద్యులు ఒక కుటుంబంలోని వారి ముఖాలపై, మెడలపై లేచే చిన్న బొడిపెలను వర్ణించినారు. అటువంటి కుటుంబాలవారికి మూత్రపిండపు కంతులు కూడ రావచ్చునని తరువాత తెలిసినది. మనుష్యులలో దానికి కారణమైన జన్యువు 2002లో దొరికినది. 2003లో కుక్కలలో వెదకగా ఆ జన్యువులోనే లోపం కనబడినది. చర్మపు డాక్టరు చూచినది, పశువుల డాక్టరు చూచినది ఒకే చెట్టు కొమ్మలని ఆనాడు తేటపడినది.

మనుష్యుల నుండే మొదట దొరికిన సాక్ష్యం కూడ లేకపోలేదు. కొన్ని కుటుంబాలలో కంటిలో, మెదడులో, మూత్రపిండంలో కంతులు వస్తవి. దానికి కారణమైన వి.హెచ్.ఎల్. అనే జన్యువు 1993లో పట్టుబడినది. వంశపారంపర్యం కాని సామాన్యమైన మూత్రపిండపు క్యాన్సరులో కూడ తరచుగా ఈ జన్యువే చెడి ఉంటున్నది. ప్రాణవాయువు తగ్గినప్పుడు కణం ఏమి చేయవలెనో నిర్ణయించే ఏర్పాటులో దీనికి ప్రధాన పాత్ర ఉన్నది. ఆ ఏర్పాటును వివరించినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం లభించినది.

ఇక పసిపిల్లల సంగతి. ఇది ఇండ్లలో తల్లులు, అమ్మమ్మలు శ్రద్ధగా వినవలసిన భాగం. బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోసేటప్పుడు, కడుపులో ఒక ప్రక్క గట్టిగా, నున్నగా ఉండ వంటిది చేతికి తగులుతుంది. బిడ్డకు నొప్పి ఉండదు, ఆడుకొంటూనే ఉంటాడు. పెద్దవారు "బల్ల పెరిగినది" అంటారు. ఆముదం రాసి తోముతారు. మలేరియా మొదలైన జ్వరాల వలన బల్ల పెరగడం నిజమే. కాని అది విల్మ్స్ కంతి కూడ కావచ్చును. మాక్స్ విల్మ్స్ అనే జర్మను వైద్యుడు 1899లో దీనిని గూర్చి గ్రంథం వ్రాసినాడు కావున ఆ పేరు వచ్చినది. గర్భంలో మూత్రపిండం తయారయ్యేటప్పుడు పని ముగించుకొని పోవలసిన లేతకణాలు పోకుండా నిలిచి పెరగడమే ఈ కంతి. పందులలోను, కోళ్లలోను కూడ ఇట్టిది కనబడుతుంది. అటువంటి గడ్డను నొక్కరాదు, తోమరాదు. ఒత్తిడికి కంతి పగిలితే జబ్బు కడుపంతటా వ్యాపిస్తుంది. ఒకసారి చేతికి తగిలిన వెంటనే వైద్యునికి చూపవలెను.

వెంటనే చూపితే ఫలమేమని అడుగవచ్చును. ఫలం చాలా ఉన్నది. ఆ కథలో ఒక తెలుగువాని నీడ కూడ ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించినారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చినాడు. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనబడినదని 1948లో ప్రకటించినాడు. మందుతో క్యాన్సరును లొంగదీయవచ్చుననే నమ్మకం ఆనాడు మొలకెత్తినది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూసినారు.

ఆ నమ్మకంతో ఫార్బర్ ఇంకొక మందు వైపు చూచినాడు. సెల్మన్ వాక్స్‌మన్ 1940లో మట్టిలోని సూక్ష్మజీవి నుండి వెలికితీసిన ఆక్టినోమైసిన్ అది. చిట్టెలుకల కంతులపై దాని ప్రభావం తెలిసిన తరువాత, 1950ల మధ్య నుండి ఆయన దానిని విల్మ్స్ కంతి ఉన్న పిల్లలకు శస్త్రచికిత్సతోను, కిరణచికిత్సతోను జోడించి ఇచ్చినాడు. ఊపిరితిత్తులకు ప్రాకిన కంతులు సైతం కొందరు పిల్లలలో కరిగిపోయినవి. నేడు సకాలంలో చికిత్స దొరికే దేశాలలో ఇటువంటి పిల్లలు పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. బ్రతకనివారిలో ఆలస్యంగా వచ్చినవారు ఎందరో.

ఇంతవరకు మూగజీవుల సాక్ష్యాన్ని పొగడినాము. కాని సాక్ష్యాన్ని విచారించకుండ తీర్పు చెప్పరాదు. దీనికి నిమ్మతొక్క ఉదాహరణ. నిమ్మ, నారింజ తొక్కలకు వాసననిచ్చే లిమొనీన్ అనే తైలాన్ని హెచ్చుగా పెట్టినప్పుడు మగ ఎలుకలకు మూత్రపిండంలో కంతులు వచ్చినవి. ఆడ ఎలుకలకు రాలేదు. చిట్టెలుకలకు రాలేదు. ఎందుకని పరిశోధించగా, మగ ఎలుక కాలేయంలో విశేషంగా తయారయ్యే ఆల్ఫా-2యు గ్లాబ్యులిన్ అనే మాంసకృత్తుతో ఆ తైలం కలసి, మూత్రపిండపు నాళికలలో పేరుకొని, కణాలను చంపుతున్నదని తేలినది. ఆ మాంసకృత్తు మనకు లేదు. కావున ఈ దారిన వచ్చే ఎలుక కంతులను బట్టి మనిషికి ప్రమాదమని నిర్ణయించరాదని అమెరికా పర్యావరణ సంస్థ 1991లో తీర్మానించినది. మన నిమ్మకాయ ఊరగాయకు ఏ కళంకమూ లేదు!

దీనికి పూర్తిగా ఎదురైన కథ ఒకటి ఉన్నది. అది మన నల్లమల కొండలకు, మన నల్లరేగడి చేలగట్లకు సంబంధించినది. ఈశ్వరి, దూలగోవెల అనే పేర్లు గల తీగ నల్లమలలో పెరుగుతుంది. దాని వేరు పాముకాటుకు విరుగుడని మన దేశంలో చిరకాలంగా నమ్మిక. దాని దాయాది గాడిదగడపాకు. నేలమీద ప్రాకే చేదుమొక్క అది. నల్లరేగడిలో తరచు కనబడుతుంది. కడుపులో పురుగులకు దాని రసం పోసే ఆచారమున్నది. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని అరిస్టొలోకియా అంటారు. ఇందులో అరిస్టొలోకిక్ ఆమ్లమనే పదార్థమున్నది.

ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల వెంట ఉన్న కొన్ని పల్లెలలో మూత్రపిండాలు మెల్లగా ఎండిపోయే జబ్బు 1950ల దశకంలో వైద్యుల దృష్టికి వచ్చినది. ఆ రోగులలో పలువురికి మూత్రపు దారులలో క్యాన్సరు కూడ వచ్చేది. ఒక ఇంటిలో ఉండి, పొరుగింట లేకపోవడం అందరినీ తికమక పెట్టినది. ఈ కుటుంబపు మొక్క కలిసిన ఎండుగడ్డి తిన్న గుర్రాల మూత్రపిండాలు అట్లే చెడిపోయిన సంగతి అక్కడి పశువైద్యులు ఎరుగుదురు. దానిని ఆధారం చేసుకొని, గోధుమచేలలో ఆ మొక్క గింజలు పంటతో కలసి పిండిలో చేరుతున్నవని ఇవిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1969లో సూచించినాడు. ఆ మాటను లోకం దాదాపు నలుబది ఏండ్లు పక్కన పెట్టినది.

1982లో జర్మనీ పరిశోధకులు ఈ ఆమ్లం పెట్టిన ఎలుకలకు కడుపులోను, మూత్రపిండంలోను, మూత్రాశయంలోను క్యాన్సర్లు వచ్చినవని ప్రకటించినారు. ఆ ఫలితాల సూచన అందగానే, అంతకు ముందు సంవత్సరమే, అక్కడి ప్రభుత్వం ఆ మందులను అంగళ్ల నుండి తీయించినది. కాని పొరుగుదేశమైన బెల్జియంలో ఏమి జరిగినది? 1990ల ఆరంభంలో బ్రస్సెల్సు నగరంలో ఒళ్లు తగ్గించుకొనుటకు స్త్రీలకు ఇచ్చిన చీనా మూలికల పొడిలో, పేర్ల పోలిక వలన ఒక మూలికకు బదులు ఈ జాతి మూలిక చేరినది. వందమందికి పైగా మూత్రపిండాలు చెడిపోయినవి. వారిలో 39 మంది తమ చెడిన మూత్రపిండాలను, మూత్రనాళాలను ముందుజాగ్రత్తగా తీయించుకొనగా, 18 మందిలో అప్పటికే క్యాన్సరు ఉన్నదని 2000లో తెలిసినది. 2007లో డాన్యూబు పల్లెల రోగుల కణాలలో సైతం ఈ ఆమ్లం విడిచిన గుర్తులు బయటపడినవి. గుర్రం చెప్పినది నిజం. ఎలుక చెప్పినది నిజం. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఈ ఆమ్లాన్ని మనిషికి క్యాన్సరు కలిగిస్తుందని నిశ్చయమైన పదార్థాల పట్టికలో చేర్చినది.

ఆకు పసరు గదా, ఏమి చేస్తుందిలే అనే మాట ఇక్కడ చెల్లదు. ఈ విషం తిన్ననాడు తెలియదు. పది, ఇరువది ఏండ్లకు బయటపడుతుంది. పాము కరచిన వానికి ఈశ్వరివేరు నూరిపోసి కాలం గడిపితే రెండు నష్టాలు: విషం ఎక్కుతుంది, బ్రతికినా మూత్రపిండానికి ముప్పు మిగులుతుంది. పాముకాటుకు ఆసుపత్రిలోని విరుగుడు సూదిమందే శరణ్యం. పిల్లల కడుపులో పురుగులకు ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర చాలును.

ఇంత విన్న తరువాత ఇంటిలో మనం చేయవలసినది స్వల్పమే. మూత్రంలో ఒక్కసారి ఎరుపు కనబడినా, నొప్పి లేకపోయినా, మరునాడు పోయినా, డాక్టరుకు చెప్పవలెను. భయపడనక్కరలేదు. ఆ ఎరుపు రాయి వలన కావచ్చును, చీము వలన కావచ్చును, ముందురోజు తిన్న బీట్‌రూట్ వలన సైతం కావచ్చును. ఏదో తేల్చవలసినది మాత్రం పరీక్షయే గాని కషాయం కాదు. మూత్రపరీక్ష, ఆపైన అల్ట్రాసౌండ్ పరీక్ష నంద్యాల, కర్నూలు వంటి పట్టణాలలో దొరుకుతున్నవి. వాటివలన బాధ లేదు. కంతి చిన్నదిగా ఉన్నప్పుడు పట్టుబడితే, మూత్రపిండమంతా తీయకుండా కంతిని మాత్రమే తీసివేసే వీలు తరచు ఉంటుంది. నడుము ప్రక్క తగ్గని నొప్పి, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత కూడ ఒక్కొక్కసారి ఈ కంతి చేసే హెచ్చరికలే. బీడీ, చుట్ట, సిగరెట్టు ఈ క్యాన్సరుకు దారి తీస్తవి. హెచ్చు రక్తపోటు, స్థూలకాయం కూడ ప్రమాదాన్ని పెంచుతవి. ఇంటిలో ఇద్దరికి ముగ్గురికి మూత్రపిండపు కంతి వచ్చి ఉంటే, ఆ సంగతి దాచకుండా వైద్యునికి తెలుపవలెను. ఎలుకల వంశం నేర్పిన పాఠం అదే గదా.

కప్పకు మాట రాదు, ఎలుకకు మాట రాదు, గుర్రానికి మాట రాదు. అయినను అవి తమ దేహాలతో సాక్ష్యం చెప్పినవి. మాటలు వచ్చిన మనం మన దేహం చెప్పే మాటను "వేడి" అని కొట్టివేయరాదు. ఎద్దు ఎర్రమూత్రం పోసిననాడు అరక విప్పి ఆసుపత్రికి నడచే రైతు, తనకు ఎర్రజీర కనబడిననాడు కూడ ఆ దారినే నడిచిన చాలును.